ఊకకుప్ప దగ్గర రెండు దెబ్బలు

సుబ్బరత్నమ్మకు నోటికన్నా చెయ్యి ముందు. ఇది చాటున అనుకునే మాట కాదు. ఆవిడ ఎదుటే అంటారు, ఆవిడా నవ్వుతుంది. తెనాలి నుంచి సంగం జాగర్లమూడి వెళ్ళే దారిలో, కాలవ పక్కనున్న ఇనప కమ్మీల మిల్లు ఆవిడది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పుల మనిషి, అయినా కొలిమికి ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంటుంది తప్ప ఆఫీసు గదిలో కూర్చోదు. ఏసీ గదిలో కూర్చుంటే చెయ్యి అందదని పనివాళ్ళ వేళాకోళం.

ఆ సోమవారం పొద్దున మిల్లులో కమ్మీ దూకింది. ఎర్రగా కాలిన ఇనప దిమ్మ రెండు రోలర్ల మధ్య నలిగి, సాగి, బయటికి దూసుకొస్తుంది. అవతల నిలబడ్డవాడు పట్టకారుతో దాని మూతి ఒడిసిపట్టి, వెనక్కి తిప్పి, పక్క రోలర్ల సందులో దూర్చాలి. పట్టు రెప్పపాటు తప్పిందా, అది మెలికలు తిరుగుతూ గాల్లోకి లేస్తుంది. అడ్డమొచ్చిన దాన్నల్లా కోసుకుపోతుంది. ఆ రోజు అడ్డం ఉన్నది నీళ్ళ డ్రమ్ము. అది నిలువునా చీలి, సలసలా కాగిన నీళ్ళు చిమ్మి, ఇద్దరి పిక్కలు పొక్కిపోయాయి.

పట్టు తప్పినవాడు దావీదు. మిల్లులో పదకొండేళ్ళుగా పట్టకారు పడుతున్నవాడు. సుబ్బరత్నమ్మ కుర్చీలోంచి లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ అంతదూరం నడిచి వెళ్ళి, అతని చెంప ఛెళ్ళుమనిపించింది. రోలర్ల రొదలో ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు గానీ అందరూ చూశారు. దావీదు భుజమ్మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, పట్టకారు తీసుకున్నాడు, మళ్ళీ తన చోట నిలబడ్డాడు. అప్పటికే తరవాతి దిమ్మ కొలిమి నోట్లోంచి జారుతోంది.

అమ్మగారి చెయ్యి పడితే ఆశీర్వాదమేనని ఫిట్టరు పక్కవాడితో అన్నాడు. ఆశీర్వాదం పుచ్చుకున్నవాడి దవడ సాయంత్రందాకా వాచే ఉంటుంది. ఆ సంగతి మాత్రం ఎవరూ అనరు.

ఆవిడ చిరాకుకు కారణం కమ్మీ ఒక్కటే కాదు. మర్నాడు స్వీడన్ నుంచి మనుషులు వస్తున్నారు. రెండు దేశాల ప్రభుత్వాలు ఒప్పందం రాసుకున్నాయి. బొగ్గు మండించే చిన్న చిన్న ఇనప మిల్లులకు పొగలేని కొలిములు కట్టి చూపించాలని, దానికి డబ్బూ చదువూ వాళ్ళవి, చోటూ చెమటా మనవి అని. జిల్లాలో ఈ మిల్లును ఎంచారు. బొగ్గు మానేసి, రైసు మిల్లుల ఊకను గ్యాసుగా మార్చి ఆ గ్యాసుతో కొలిమి మండిస్తారట. సుబ్బరత్నమ్మకు భూమి వేడెక్కుతోందన్న బెంగ పెద్దగా లేదు. కమ్మీలు కొనే చెన్నై కంపెనీ వాడు, బొగ్గుతో కాల్చిన సరుకు పై ఏడాది నుంచి మాకొద్దు, అవతలి దేశాల్లో పన్ను వేస్తున్నారని తెగేసి చెప్పాడు. కొత్త కొలిమి వస్తే మిల్లు ఉంటుంది. రాకపోతే మిల్లుకు తాళం, ఎనభై కుటుంబాలకు తలా ఒక దారి. ఆవిడ బెంగ అదీ.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చోబోతుంటే హర్ష పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ తమ్ముడి కొడుకు, మిల్లు మేనేజరు. రేపల్లె రైసు మిల్లుల నుంచి ఊక తెస్తున్న మూడు లారీలను వేమూరు దాటాక ఇటుక బట్టీల వాళ్ళు ఆపేశారని, ఒక డ్రైవరు తల పగిలిందని చెప్పాడు. ఆవిడ కంచం పక్కకు తోసి కారెక్కింది. వెనకే పనివాళ్ళతో మిల్లు వ్యాను బయలుదేరింది.

*

వాళ్ళు వెళ్ళేసరికి రోడ్డు మీద నెత్తురుంది. ముందు లారీ డ్రైవరు చక్రానికి జేరబడి, తలకు తువ్వాలు అదిమిపట్టుకుని కూర్చున్నాడు. వెనక లారీ మీద ఊక అంటుకుని, తెల్లటి పొగ దట్టంగా లేస్తోంది. బట్టీ యజమాని ప్రకాశరావు రోడ్డుకు అడ్డంగా నిలబడి, పాతిక ముప్పై మందిని చుట్టూ పెట్టుకుని, ఈ దారిన ఊక ఎలా పోతుందో చూస్తానంటున్నాడు.

చిన్న బట్టీలకు ఊకే కట్టె, ఊకే బొగ్గు. పచ్చి ఇటుకల వరసల మధ్య ఊక పోసి అంటిస్తే వారాల తరబడి నిదానంగా కాలుతుంది. విదేశీ పథకం పేరు చెప్పి సుబ్బరత్నమ్మ రేపల్లె మిల్లుల ఊకంతా గుత్తకు పట్టేసరికి, ఆ దారి పొడుగునా బట్టీలు ఆరిపోయాయి.

ఇదంతా మాట్లాడుకోవలసిన సంగతే. కానీ ఎవరూ మాట్లాడటానికి రాలేదు. మిల్లు వ్యానులోంచి దిగినవాళ్ళ చేతుల్లో ఇనప కమ్మీలున్నాయి, బట్టీవాళ్ళ చేతుల్లో పార కర్రలున్నాయి. ఎవడు ముందు కొట్టాడో తరవాత పోలీసులకూ తేలలేదు. ఒకడి మోచెయ్యి విరిగిన చప్పుడు ఎండు పుల్ల విరిగినట్టు వినపడింది. మరొకడు కిందపడితే నలుగురు కలిసి కాళ్ళతో తొక్కారు. హర్ష కారు వెనక్కి తప్పుకుని ఎవరికో ఫోను చేస్తున్నాడు. సుబ్బరత్నమ్మ మాత్రం లారీ పక్కన పడి ఉన్న గెడ అందుకుని తిన్నగా ప్రకాశరావు దగ్గరికి వెళ్ళి, అతని భుజమ్మీద రెండు చేతులతో దించింది. అతను మోకాళ్ళ మీద కూలాడు. ఆడదాని చేత దెబ్బ తిన్నానన్న ఉక్రోషంతో బండబూతులు తిట్టాడు. ఆవిడ మళ్ళీ గెడ ఎత్తింది.

అప్పుడు ఇటుక ముక్క ఒకటి ఆవిడ చెవి పక్కనుంచి దూసుకెళ్ళి కారు అద్దం పగలగొట్టింది. విసిరింది కమలమ్మ. ఆ బట్టీలో ఇటుకలు కోసే మనిషి, మట్టి చేతులతో, చీర దోపుకుని నిలబడి ఉంది.

“మీకంటే ఏ దేశపోళ్ళో వచ్చి కొలిమి కట్టిపెడతారమ్మా. మాకెవరు కడతారు?” అంది.

దానికి జవాబు సుబ్బరత్నమ్మ దగ్గర లేదు. జవాబు లేనప్పుడు చెయ్యి లేపడం ఆవిడకు అలవాటే గానీ ఈలోగా పోలీసు జీపు హారను వినపడి, జనం పొలాలకు అడ్డంపడి పరిగెత్తారు.

మండుతున్న లారీ దగ్గర దావీదూ మరో ఇద్దరూ కాలవలోంచి బకెట్లతో నీళ్ళు ముంచి పోస్తున్నారు. కాసేపటికి పొగ తగ్గింది. పైనున్న ఊక నల్లగా, ముద్దగా అయింది. ఇది ఇక్కడే గట్టున పారబోసి పోదామా అమ్మగారూ అని డ్రైవరు అడిగాడు. బంగారంలాంటి ఊక బట్టీవాళ్ళ ముందు పారబోసి పోతారా, ఆరిపోయిందిగా, తీసుకెళ్ళి మన కుప్పలో కలిపేయండి అని ఆవిడ కసురుకుంది. పౌరుషం అలాంటిది. పుట్టింట్లో ఊక పొయ్యి మీద వండిన మనిషి, ఊకలో నిప్పు ఆరిందో లేదో పైనుంచి చూసి చెప్పలేమని తెలిసిన మనిషి, ఆ పూట మరిచిపోయింది.

*

మంగళవారం స్వీడన్ వాళ్ళు వచ్చారు. ముగ్గురిలో పెద్ద ఇంజనీరు మాలిన్ అనే ఆవిడ. పొడుగ్గా, జుట్టు కత్తిరించుకుని, పెద్ద పెద్ద బూట్లతో ఉంది. ఆవిడ పక్కన బిందుమాధవి అని బాపట్ల అమ్మాయి. పథకానికి ఇక్కడ ఆఫీసరు. మాలిన్ మాటలు తెలుగులోకి, మనవాళ్ళ మాటలు ఇంగ్లీషులోకి చెప్పేది ఆ అమ్మాయే. సుబ్బరత్నమ్మకు ఇంగ్లీషు రాదు. హర్షకు వచ్చు.

మిల్లంతా కళ్ళాపి చల్లినట్టు శుభ్రం చేశారు. మాలిన్ కొలిమి దగ్గర వంగి చూసింది, పాత బొగ్గు గొట్టాన్ని చేత్తో తట్టింది, కొత్తది ఎక్కడ కట్టాలో కాగితం విప్పి చూపించింది. తరవాత ఊకకుప్ప చూస్తానంది. కుప్ప ఫోటోలో చక్కగా పడాలని హర్ష అప్పటికే దావీదును పార ఇచ్చి పైకి ఎక్కించాడు, ఎత్తుపల్లాలు సరిచెయ్యమని. కుప్ప రెండు నిలువుల ఎత్తుంది. దావీదు దాని భుజమ్మీద మడమలు తన్నిపెట్టి నిలబడి ఊక చదును చేస్తున్నాడు.

పది అడుగుల దూరంలో సుబ్బరత్నమ్మకు ఆ వాసన తగిలింది. మాడిన తవుడు వాసన. పొగ లేదు, మంట లేదు, పైన ఊక పచ్చగా మెరుస్తోంది. కానీ దావీదు కాళ్ళ కింద ఒకచోట కుప్ప కొంచెం లోపలికి దిగి ఉంది. నిన్నటి లారీ ఊక లోపల రాత్రంతా కాలుతూ ఉంది. పైన పెంకు మాత్రం మిగిలింది, లోపలంతా నిప్పుల గొయ్యి.

దిగరా అని అరిచింది. రోలర్ల రొదలో ఆ అరుపు ఆవిడకే వినపడలేదు. కొంగు బిగించి కుప్ప మీదికి నాలుగడుగులు ఎక్కింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. వెనకనుంచి దావీదు చొక్కా కాలరు దొరకబుచ్చుకుని, బలమంతా పెట్టి ఒక్క లాగు లాగింది. ఇద్దరూ జర్రున జారారు. దావీదు కింద మట్టినేల మీద వెల్లకిలా పడ్డాడు. ఆవిడ ఎలాగో నిలదొక్కుకుంది. అతను మోచేతుల మీద లేవబోతుండగా వంగి, ఒక చెంపా, రెండో చెంపా ఫెడీఫెడీ వాయించింది. అతని పెదవి పగిలింది.

మాలిన్ కాగితం మడిచింది. బిందుమాధవితో చిన్నగా రెండు మాటలంది. వెనక్కి తిరిగి, పెద్ద బూట్లతో తిన్నగా కారు దగ్గరికి నడిచింది. బిందుమాధవి మొహం ఎర్రబడిపోయి, ఇవాళ్టికి చాలన్నారండి అని హర్షకు చెప్పి, ఆవిడ వెనకే పోయింది.

కారు గేటు దాటి వెళ్ళాక కుప్ప భుజం కూలింది. బావి కూలినట్టు గుండ్రంగా లోపలికి దిగిపోయి, ఎర్రటి నిప్పు కనపడి, భగ్గుమని మంట లేచింది. దావీదు వదిలేసిన పార అందులోకి జారింది. దాని కర్ర కళ్ళముందే అంటుకుంది. మిల్లులో వాళ్ళందరూ పనులు వదిలేసి చుట్టూ చేరారు. అమ్మగారు కొట్టబట్టి బతికావురా దావీదూ అన్నాడు ఫిట్టరు. సాయంత్రానికల్లా ఆ మాట మిల్లంతా పాకింది. సుబ్బరత్నమ్మ కూడా అదే నమ్మింది. నమ్మడానికి చాలా బాగున్న మాట కదా.

*

మర్నాడు కబురొచ్చింది. పనివాణ్ణి కొట్టడం కళ్ళారా చూశాం గనక పథకం ఆపామని, విచారణ అయ్యాకే ఏ సంగతీ చెబుతామని. సుబ్బరత్నమ్మ కాఫీ కూడా తాగకుండా బాపట్ల బయలుదేరింది. స్వీడన్ వాళ్ళు సూర్యలంక దారిలో ఒక గెస్టుహౌసులో దిగారు.

మాలిన్ మర్యాదగానే కూర్చోబెట్టింది, తనే కాఫీ కలిపి ఇచ్చింది. సుబ్బరత్నమ్మ జరిగిందంతా చెప్పింది. బట్టీవాళ్ళు లారీ తగలెయ్యడం, కుప్ప లోపల కాలడం, తను మోకాళ్ళు విరిగేలా ఎక్కి వాణ్ణి బతికించడం. చేతులతో, కళ్ళతో, లేచి నిలబడి మరీ చెప్పింది. నిప్పున్న ఊక కుప్పలో పొయ్యమన్నది ఎవరో మాత్రం చెప్పలేదు. బిందుమాధవి అన్నీ పూసగుచ్చినట్టు ఇంగ్లీషులో చెప్పింది. మాలిన్ చివరిదాకా విని, ఒకే ఒక ప్రశ్న వేసింది.

“ఆయన్ని మీరు ఎన్నిసార్లు కొట్టారని అడుగుతున్నారండి,” అంది బిందుమాధవి.

“రెండు.”

“ఆ రోజు సంగతి కాదుటండి.”

సుబ్బరత్నమ్మకు ఒళ్ళు మండింది. కన్నబిడ్డల్లా చూసుకునేవాళ్ళను కొడితే లెక్కలు రాసుకుంటామా అంది. బిందుమాధవి ఆ మాటా చెప్పింది. మాలిన్ తల ఊపి కాఫీ కప్పు కింద పెట్టింది. శుక్రవారం మిల్లుకే వస్తామని, అందరి ముందూ దావీదు చెప్పేది విన్నాక నిర్ణయం చెబుతామని అంది. అతను చెప్పినదాన్ని బట్టే కొలిమి అని తేలిపోయింది.

దావీదు మాత్రం ఆ పొద్దున మిల్లుకు రాలేదు. పెదవికి కుట్టు వేయించుకుని, భార్యనూ పిల్లల్నీ తీసుకుని రేపల్లెలో అత్తవారింటికి వెళ్ళిపోయాడు. తిరిగివచ్చేటప్పుడు కారులో హర్ష అన్నాడు, వాడిచేత చెప్పించే పూచీ నాది అత్తా అని. చెప్పించు అంది సుబ్బరత్నమ్మ. అంతకుమించి ఒక్క మాట అడగలేదు. హర్ష ఎలా చెప్పిస్తాడో ఆవిడకు తెలియదా అంటే తెలుసు. బొగ్గు కాంట్రాక్టరు ఎదురు తిరిగినప్పుడు చూసింది. అడిగితే వద్దనాల్సి వస్తుందని అడగలేదు.

*

అయినా రాత్రి నిద్ర పట్టలేదు. గురువారం పొద్దున్నే ఒక బుట్ట బత్తాయిలు కొనిపించి, హర్ష వద్దంటున్నా వినకుండా, కారు రేపల్లె పోనిమ్మంది. దావీదు అత్తవారిల్లు రైలు స్టేషను అవతల పేటలో, చర్చి వెనక సందులో ఉంది. సందులో కారు పట్టలేదు. ఆవిడ నడిచి వెళ్ళింది. బుట్ట పట్టుకుని వెనకాల హర్ష.

ఇంటి ముందు మోటారు సైకిలు పడి ఉంది. ముందు చక్రం వంకర తిరిగి, ట్యాంకు సొట్టలు పడి, పెట్రోలు ఇంకిన చోట మట్టి నల్లగా ఉంది. వాకిలి తలుపు ఒక రెక్క లేదు. లోపల చిన్నపిల్ల ఏదో చూసి జడిసినట్టు ఏడుస్తోంది. తలుపు లేని గుమ్మంలోకి దావీదు భార్య ఫ్లోరెన్సు వచ్చింది. ఆ మనిషి పై పెదవి చీలి, ముక్కుదాకా వాచి ఉంది. కుడి కన్ను సగం మూసుకుపోయింది.

కూర్చోండి అనలేదు. జరిగింది నిలబడే చెప్పింది. నిన్న మధ్యాహ్నం నలుగురు వచ్చారు. దావీదును నేలకేసి అదిమిపట్టి, వీపు మీద మోకాలు పెట్టి, శుక్రవారం ఏం చెప్పాలో వల్లె వేయించారు. అమ్మగారు కొట్టడం వల్లే బతికానండి, అమ్మగారు ఇంకెప్పుడూ కొట్టలేదండి. మళ్ళీ మళ్ళీ అనిపించారు. అన్నప్పుడల్లా సరిగ్గా రాలేదని మోకాలు నొక్కారు. తను అడ్డం వెళితే ఒకడు పిడికిలితో కొట్టాడు.

సుబ్బరత్నమ్మకు కళ్ళు ఎర్రబడ్డాయి. గిరుక్కున తిరిగి హర్షను కొట్టింది. ఒకటి, రెండు, మూడు. అతని కళ్ళజోడు ఎగిరి మురిక్కాలవలో పడింది, బత్తాయిలు సందంతా దొర్లాయి. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. ఆవిడ రొప్పుతూ ఫ్లోరెన్సు వైపు చూసింది. న్యాయం చేశానుగా అన్నట్టుంది ఆ చూపు.

“ఇక్కడికొచ్చి కూడా కొట్టడమేనా అమ్మగారూ,” అంది ఫ్లోరెన్సు. పెదవి నొప్పికి మాట నెమ్మదిగా వచ్చింది. “ఆయన్ని కొడితే నా మూతి మానుద్దా?”

“నేను పంపలేదే, నా మాట నమ్ము.”

“వద్దనలేదుగా అండీ.”

ఆ మాటతో ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడింది. లోపల మంచం మీద దావీదు బోర్లా పడుకుని ఉన్నాడు. లేవలేదు. ఆవిడ ఎదురుగా ఉండగా అతను లేవకపోవడం అదే మొదలు. రేపు వస్తావా అని అడిగింది. వస్తానమ్మగారూ అన్నాడు. ఏం చెబుతావని అడిగింది. జరిగింది చెబుతానండి అన్నాడు.

దారిలో ఆ మాటే పట్టుకుని మనసు చిక్కబట్టుకుంది. జరిగింది అంటే తను బతికించడమే కదా. ఎనభై మంది చూశారు. చెడ్డవాడు కాడు, ఉప్పు తిన్నవాడు. అయినా భయం వదలలేదు. హర్ష ఉబ్బిన బుగ్గతో, కళ్ళు చికిలిస్తూ కారు నడుపుతున్నాడు. భట్టిప్రోలు దాటాక ఆవిడకు ఊక వాసన మళ్ళీ ముక్కుకు తగిలినట్టనిపించింది. ఆ రోజు దావీదు మీద వచ్చిన కోపం అసలు దావీదు మీదిది కాదు. నిప్పున్న ఊక కుప్పలో పొయ్యమన్నది తను. ఆ సంగతి వాసన తగలగానే తెలిసింది. తప్పు తనదని తెలిసినప్పుడు ఎదురుగా దొరికినవాడి చెంప వాచింది. సిగ్గేసింది ఆవిడకు. ముసలితనంలో కొత్తగా వచ్చిన సిగ్గు, ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

*

శుక్రవారం మిల్లు ఆఫీసు గదిలో బల్ల వేశారు. ఒకవైపు మాలిన్, బిందుమాధవి. ఎదురుగా సుబ్బరత్నమ్మ, హర్ష. గుమ్మంలో, కిటికీల దగ్గర పనివాళ్ళు ఒకరి మీద ఒకరు పడి చూస్తున్నారు. రోలర్లు ఆపేశారు. మిల్లులో అంత నిశ్శబ్దం ఆయుధపూజ రోజున కూడా ఉండదు.

దావీదు వచ్చాడు. వెనక ఫ్లోరెన్సు, మొహానికి చీర కొంగు అడ్డం పెట్టుకోకుండా. బిందుమాధవి ఇద్దరికీ కుర్చీలు చూపించింది. దావీదు ఒకసారి సుబ్బరత్నమ్మ వైపు చూసి, కూర్చున్నాడు.

మాలిన్ అడగమన్న ప్రశ్నను బిందుమాధవి తెలుగులో అడిగింది. “ఆ రోజు అమ్మగారు మిమ్మల్ని కొట్టింది నిప్పులోంచి తప్పించడానికేనాండి?”

సుబ్బరత్నమ్మ కుర్చీ అంచుకు జరిగింది.

“కాదండి,” అన్నాడు దావీదు.

హర్ష కుర్చీలో కదిలాడు. దావీదు అతనివైపు చూడలేదు. కుట్టు వేసిన పెదవి నొప్పి పెడుతున్నట్టుంది, నిదానంగా మాట్లాడాడు. “కాలరు పట్టి లాగారండి. అందుకు బతికాను. ఆ మాట ఎవరడిగినా చెబుతాను, నా పిల్లలకీ చెబుతాను. ఆవిడ లాగకపోతే ఇవాళ నేను లేను. కొట్టింది మాత్రం కిందపడ్డాకండి. అప్పటికి నేను బతికే ఉన్నాను.”

ఫిట్టరు తల దించుకున్నాడు.

దావీదు ఇంకా చెప్పాడు. పదకొండేళ్ళుగా కొడుతున్నారు, కమ్మీ దూకినా కొడతారు, ఆలస్యమైనా కొడతారు, ఒక్కోసారి ఎందుకు కొట్టారో సాయంత్రందాకా ఆలోచించినా తెలిసేది కాదు. ఆ దెబ్బలకు తనేమీ అడగడు. నిన్నటికి ముందురోజు తన భార్యను కొట్టినందుకు మాత్రం, ఇక్కడికి వచ్చే ముందే రేపల్లె పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు రాసిచ్చి వచ్చాడు. హర్షగారి పేరు రాశాడు, వచ్చిన నలుగురినీ గుర్తుపట్టి రాశాడు. అమ్మగారి పేరు రాయలేదు. ఆవిడ పంపారో లేదో తనకు తెలియదు, తెలియనిది రాయకూడదు.

అంతా చెప్పి, నీళ్ళు కావాలన్నాడు. ఫ్లోరెన్సు సంచిలోంచి సీసా తీసి ఇచ్చింది.

మాలిన్ బిందుమాధవి వైపు తిరిగింది. అతను చాలాసేపు చెప్పాడు. ఆవిడకు అందులో ఒక్క ముక్క తెలియదు. బిందుమాధవి నోరు తెరిచేలోగా హర్ష ముందుకు వంగాడు, నవ్వుమొహం పెట్టి, ఏదో మర్యాద మాట చెబుతున్నట్టుగా, తెలుగులో మెల్లగా అన్నాడు.

“మేడమ్, మీరూ మనవాళ్ళే. మిల్లు పోతే ఇంతమందీ రోడ్డున పడతారండి. లాగి బతికించారన్నది చెప్పండి, చాలు. తతిమ్మాది మనలో మనం చూసుకుందాం.”

గది మొత్తం విన్నది, మాలిన్ తప్ప. కిటికీల దగ్గర ఎనభై మంది ఉన్నారు. వాళ్ళలో చాలామంది చెంపలకు ఆవిడ చెయ్యి తెలుసు, అందరి పొయ్యిలూ ఈ కొలిమి మీదే వెలుగుతున్నాయి. ఒక్కడూ అవుననలేదు, కాదనలేదు. బిందుమాధవి పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయింది. కళ్ళు మాత్రం సుబ్బరత్నమ్మ మీదికి వచ్చాయి.

సుబ్బరత్నమ్మకు కుప్ప గుర్తొచ్చింది. వాళ్ళూ వీళ్ళూ చెప్పింది కాకుండా, తన చేతులకు జ్ఞాపకమున్నట్టుగా గుర్తొచ్చింది. ముందు కాలరు. తరవాత జారడం. తరవాత కిందపడ్డ మనిషి, లేవడానికి మోచేతులు ఆనించిన మనిషి, తనవైపు చూసిన చూపు. ఆ చూపులో భయం నిప్పుకు కాదు, అతనికి అప్పటికి నిప్పు సంగతే తెలియదు. దెబ్బ పడబోతోందని తెలుసు. తరవాత దెబ్బ. ఆ వరస ఆవిడ నాలుగు రోజులుగా మార్చి చెప్పుకుంటోంది.

ఒక్క మాట ఊరుకుంటే చాలు. కొలిమి వస్తుంది. ఊరుకోవడం ఎలాగో ఆవిడకు వచ్చు, మొన్న కారులో ఊరుకుంది.

“అమ్మాయ్,” అంది సుబ్బరత్నమ్మ. “అతను చెప్పింది చెప్పినట్టు చెప్పు. ఒక్క ముక్క తగ్గించకు.”

“అత్తా,” అన్నాడు హర్ష.

“నువ్వుండు,” అని, బిందుమాధవి వైపే చూస్తూ అంది, “హర్షను నేను పంపలేదు. వద్దని కూడా అనలేదు. అదీ చెప్పు. నా పేరు కూడా ఫిర్యాదులో రాసుకోవచ్చని దావీదుకు చెబుతున్నానని చెప్పు.”

దావీదు నీళ్ళ సీసా మూత పెడుతూ ఆగిపోయాడు. హర్ష కుర్చీ వెనక్కి నెట్టి లేచి, గుమ్మంలో జనాన్ని తోసుకుంటూ బయటికి పోయాడు. ఎవరూ దారి ఇవ్వడానికి తొందరపడలేదు.

బిందుమాధవి గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టింది. మాలిన్ రాసుకుంటోంది, అప్పుడప్పుడు ఆగి ఏదో అడుగుతోంది, ఆ అమ్మాయి మళ్ళీ చెబుతోంది. మధ్యలో దావీదు పేరు వినపడింది, ఫ్లోరెన్సు పేరు వినపడింది, తన పేరు చాలాసార్లు వినపడింది. సుబ్బరత్నమ్మకు ఆ భాషలో ఒక్క ముక్క రాదు. అయినా అడ్డం రాకుండా, చెయ్యి ఎత్తకుండా, చివరిదాకా కూర్చుని వింది.